సాక్షికాయ

గుళ్ళ వంకాయ తెంపడం శేసప్ప దగ్గర చూడాలి. లేత ఆకుపచ్చ రంగులో, గుండ్రంగా, తెల్లచారలతో ఉండే ఆ వంకాయకు తొడిమ నిండా ముళ్ళే. తొందరపడేవాళ్ళు లాగుతారు, కొమ్మ చీలుతుంది. ముళ్ళకు జడిసేవాళ్ళు కత్తి పెడతారు, తొడిమ పొట్టిదై కాయ మర్నాటికే వాడుతుంది. శేసప్ప కాయ కింద అరచెయ్యి పట్టి, బొటనవేలిని ముళ్ళ సందులోకి దూర్చి, ఒక్క మెలి తిప్పేవాడు. కాయ దానంతట అదే చేతిలోకి దిగేది. అదెలా చేస్తావని అడిగితే "చూడు" అని ఇంకొకటి తెంపేవాడు.

ఉడుపి నుంచి దక్షిణంగా పోతే, ఏటికీ సముద్రానికీ నడుమ ఇరుక్కుని ఉంటుంది పడుబైలు. వానాకాలం వరి కోసేశాక అవే మళ్ళలో గుళ్ళ వేస్తారు. కుండలతో నీళ్ళు మోస్తారు, మొదళ్ళలో చేపల ఎరువు వేస్తారు. ఆ ఊరివాళ్ళకు ఈ కాయ గుర్రం తల దేవుడు పెట్టిన తిండి. రాక్షసులు ఎత్తుకుపోయి నీళ్ళలో దాచిన వేదాలను వెనక్కి తెచ్చిన హయగ్రీవుడే ఆ దేవుడు. చదువుకూ జ్ఞానానికీ ఆయనే పెద్ద. పిల్లల్ని బడిలో వేసేముందు ఆయన ప్రసాదం, శనగపప్పులో బెల్లం, కొబ్బరి, నెయ్యి కలిపి వండిన ముద్ద, నాలుక మీద పెట్టాల్సిందే. శేసప్పకూ పెట్టారు. అయినా చదువు అంటలేదు.

"నీకు పెట్టింది తలకెక్కకుండా చేతుల్లోకి దిగిందిరా" అనేది వాళ్ళమ్మ కొరపొలు.

కలుపు తీసేటప్పుడు ఆమె ఆ దేవుడి కథ చెప్పేది. శేసప్ప పని ఆపకుండా వినేవాడు. చిన్నవాడు జారప్ప మాత్రం గట్టు మీద కూర్చుని అడ్డుప్రశ్నలు వేసేవాడు.

"మఠంలో పెద్దస్వామి ఆ ముద్దను పళ్ళెంలో పెట్టి, పళ్ళేన్ని తలమీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడంట. వెనకనుంచి తెల్లగుర్రం వచ్చి, ముందుకాళ్ళు ఆయన భుజాలమీద వేసి తినేదంట. స్వామికని కాస్త మిగిల్చేది. ఓర్వలేనివాళ్ళు ఒకరోజు అందులో విషం కలిపారు. ఆ రోజు గుర్రం ఏం చేసింది?"

"మొత్తం తినేసింది."

"ఆఁ. మెతుకు మిగల్చలేదు. మిగిలిస్తే స్వామి తింటాడు కదా. ఆ విషానికి లోపల విగ్రహం నీలంగా తిరిగిపోయింది. అప్పుడు స్వామి గుళ్ళ గింజలు మన నేలలో వేయించాడు. కాసిన కాయలు వండి నైవేద్యం పెడుతుంటే విషం కొంచెం కొంచెంగా దిగిపోయింది. గొంతు దగ్గర గీత మాత్రం ఉండిపోయింది."

"నువ్వు చూశావా ఆ గీత?"

"మనల్ని అంత దగ్గరికి ఎవరు రానిస్తార్రా? గడప బయట బుట్ట దించి రావడం వరకే మన వంతు."

ఈ కథలోంచి పడుబైలు ఒక నమ్మకం తీసుకుంది. దేవుడి విషం లాగేసిన కాయ కనుక దానిలో ఏ విషమూ నిలవదని, ఆ చేలోని మందు మనిషినేమీ చెయ్యదని. మిరపతోటలో పురుగుమందు కొట్టేటప్పుడు మూతికి తువ్వాలు కట్టుకునే మనిషే, గుళ్ళ చేలోకి వచ్చేసరికి ఆ తువ్వాలు విప్పి నడుముకు చుట్టుకునేవాడు. చొక్కా గట్టుమీదే ఉండేది. కట్టుకున్నవాణ్ణి చూస్తే నవ్వేవారు. పొద్దున మందు కొట్టిన కాయ సాయంత్రం పులుసులో పడేది.

కథలోంచి పుట్టిన ఆచారం ఇంకొకటి ఉంది. ఏటా తొలికాపు బుట్ట మఠానికి వెళ్ళేదాకా ఊళ్ళో ఎవరూ గుళ్ళ తినరు, అమ్మరు. ఆ బుట్ట ఏడాదికొక ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటి మగవాడు ఆ చేలోంచే ఒక కాయ తెంపి, గురికార ముంగిట్లో, అందరి ఎదుటా పచ్చిగా కొరికి పూర్తిగా తినాలి. దాన్ని సాక్షికాయ అంటారు. నా చేను శుభ్రం, ఇందులో ఏ విషమూ లేదు అని చెప్పడమన్నమాట. గురికార అంటే కులపెద్ద. ఇప్పటి గురికార మోనప్ప. మనిషి చెడ్డవాడు కాదు. తాతలు చెప్పింది తప్పవుతుందని మాత్రం అతనికి ఏనాడూ తోచలేదు.

కొరపొలు పోయాక అన్నదమ్ములు పొలాన్ని మధ్యలో గట్టు వేసి పంచుకున్నారు. శేసప్ప పెళ్ళి చేసుకోలేదు. జారప్ప భార్య సుందరి ఇద్దరికీ కలిపే వండేది. జారప్పకు మాటలెక్కువ, నవ్వెక్కువ. అన్న వేసిన సాళ్ళు తాడు పట్టినట్టుంటే, తమ్ముడివి పాము పోయినట్టుండేవి. "గింజకు కళ్ళుంటాయా అణ్ణా, వంకర తెలియడానికి?" అనేవాడు.

నిరుడు కాపు మధ్యలో తొలిచే పురుగు పడింది. ఒక ఉదయం జారప్ప మందుడబ్బా వీపున వేసుకుని, ఎప్పటిలాగే ఒట్టి ఒంటితో చేలోకి దిగాడు. డబ్బా మూత దగ్గర రబ్బరు పాతబడి, నడిచినప్పుడల్లా మందు తొణికి వీపుమీద కారింది. గట్టుకు అవతల నీళ్ళు పోస్తున్న శేసప్ప ఆ తడి చూశాడు, చెమట అనుకున్నాడు.

ఎండ నెత్తికెక్కేసరికి జారప్ప గట్టుమీద కూలబడి ఉన్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. "ఏందణ్ణా, చిన్నపిల్లాడిలాగా..." అని నవ్వబోయి వాంతి చేసుకున్నాడు. చర్మం కింద కండలు చేపపిల్లలు మెదిలినట్టు ఎగురుతున్నాయి. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి.

ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "మందు తాగాడా?"

"లేదు. కొట్టాడు."

"వీపంతా ఏంటిది? డబ్బా కారిందా? ఒంటిమీద పడినా చాలయ్యా, చర్మంలోంచే లోపలికి పోతుంది. స్నానమైనా చేయించలేదా?"

జారప్ప మూడోనాటి ఉదయం పోయాడు.

పడుబైలు ఆ చావును తనకు తెలిసిన లెక్కలోనే వేసుకుంది. పరామర్శకు వచ్చిన మోనప్ప వసారాలో కూర్చుని, తల దించుకుని, నిజమైన బాధతోనే అన్నాడు. "గుళ్ళ చేలో మందుకు మనిషి పోవడం మా తాతలనాటి నుంచీ వినలేదు శేసప్పా. తాగి ఉంటాడు. పాపం, లోపల ఏం కుమిలాడో."

"తాగలేదు."

"నువ్వు చూశావా?"

"తాగలేదు గురికారా."

అంతకుమించి మాట్లాడడం అతనికి చేతకాలేదు. జారప్ప మందు తాగి చచ్చాడన్న మాట ఊరంతా తిరిగింది. ఎందుకు తాగాడన్నది ఆడవాళ్ళు కుళాయి దగ్గర తేల్చారు. సుందరి నోరు మంచిది కాదన్నారు. సుందరి కుళాయికి పోవడం మానేసింది. చేలో బావినీళ్ళే కాచి తాగేవాళ్ళు. శేసప్పకు ఇక ఒకటే పట్టుదల మిగిలింది. తమ్ముడు తాగలేదని ఊరు ఒప్పుకోవాలి. అది ఎలా ఒప్పించాలో మాత్రం తెలియదు.

ఈ ఏడు తొలిబుట్ట జారప్ప ఇంటి వంతు.

సుందరి చేను బాగానే వచ్చింది. కాపు దిగే వేళకు మళ్ళీ పురుగు పడింది. శేసప్ప చేపల ఎరువు కోసం రేవుకు పోయి మర్నాడు తిరిగొచ్చేసరికి, గట్టుమీదికే మందు వాసన కొట్టింది. ఆకులు ఇంకా మెరుస్తున్నాయి. సుందరి డబ్బా కడుగుతోంది.

"నువ్వు కొట్టావా?"

"ఎవరు కొడతారు బావా మరి?"

"నాకోసం ఆగకూడదా? వద్దని చెప్పానా లేదా?"

"మీరు చెబితే నేను వింటాను. పురుగు వింటుందా?" ఆమె తలెత్తలేదు. "బుట్టకు ఒక్క కాయైనా మిగలాలి కదా. వంతు తప్పితే ఇంకో మాట అంటారు. ఉన్న మాటలు చాలవా నాకు?"

శేసప్ప వెళ్ళి మోనప్పను ఒక వారం ఆగమన్నాడు.

"ఎందుకు?"

"ఇవాళే మందు పడింది."

మోనప్ప అతనివైపు వింతగా చూశాడు. "పడితే? ఎప్పుడూ పడడంలేదా ఏంటి? మఠానికి ఎల్లుండి వస్తామని చెప్పేశాం మారాజా. నువ్వొచ్చి తిను, బుట్ట కదిలిద్దాం."

ఆ రోజు గురికార ముంగిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు పెట్టారు. ఊళ్ళో మగవాళ్ళంతా వచ్చారు. ఆడవాళ్ళు వసారా కమ్ముల వెనక నిలబడ్డారు. సుందరి అందరికంటే వెనక, మూలన ఉంది. కొత్త బుట్టలో అరిటాకు పరిచి ఉంది. ఇంటికి మిగిలిన మగవాడు శేసప్పే కనుక సాక్షికాయ అతనే తినాలి. తమ్ముడి చేలోంచి తనే తెంపి తెచ్చాడు. అది అరచేతిలో ఉంది. ఎంత కడిగినా వేళ్ళకు ఆ వాసన పోలేదు.

"కానివ్వు శేసణ్ణా, నోరూరుతోంది ఇక్కడ" అన్నాడొకడు. "ఈ బుట్ట కదిలితేగానీ మా ఇంట్లో పులుసు లేదు."

"పళ్ళు వదులయ్యాయేమో, నూరి పెట్టండి" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

శేసప్ప కాయను నోటిదాకా తెచ్చి ఆపాడు. తింటే ఏం చెప్పినట్టో అతనికి బాగా తెలుసు. ఈ మందు మనిషినేమీ చెయ్యదని చెప్పినట్టు. అంటే తమ్ముడు తాగే చచ్చాడని, తన నోటితోనే.

"నేను తినను" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"దీనిమీద మందుంది. మొన్ననే కొట్టారు. నా తమ్ముడు ఈ మందుకే పోయాడు. తాగలేదు. ఒంటిమీద పడి పోయాడు. డాక్టరు చెప్పాడు. ఇది దేవుడికి పంపకండి. వారం ఆగండి. మీరు కూడా చొక్కాలు వేసుకోండి, ఒట్టి ఒంటితో చేలోకి దిగకండి." అతను జీవితంలో ఒకేసారి అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు.

"గుళ్ళలో విషమా?" అన్నాడొక ముసలాయన. ఆయన గొంతులో కోపంకంటే భయమే ఎక్కువుంది. "దేవుడికి పట్టిన విషం తీసిన కాయలో విషమా? ఏం మాటరా అది?"

"తమ్ముడి పరువు కోసం ఊరి కాయకు మచ్చ పెడతావా?" అన్నాడు ఇంకొకడు. "ఇది ఉడుపి సంతలో తెలిస్తే మన గతేంటి?"

మోనప్ప చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. లేచి వచ్చి, శేసప్ప అరచేతిలోంచి కాయను మెల్లగా తీసుకున్నాడు. "నీ బాధ నాకు తెలుసు" అన్నాడు. "కానీ దేవుడిముందు బాధ వేరు, నిజం వేరు." కండువాతో ఒకసారి తుడిచి కొరికాడు. అందరూ చూస్తుండగా, ముచ్చికదాకా నమిలి తిన్నాడు. ముచ్చికను ముగ్గులో పెట్టి, అరుగుమీద కూర్చుని తాంబూలం వేసుకున్నాడు.

జనం కదల్లేదు. అడగకపోయినా అందరూ ఎదురుచూస్తున్నారు. శేసప్ప కూడా చూస్తున్నాడు. ఆ మనిషికి ఏమీ కాకూడదని ఒకపక్క, ఏదైనా కావాలని ఒకపక్క అతని మనసు లాగింది. ఆ రెండోది తనలో ఉన్నందుకు తలవంపులయ్యింది. మోనప్ప తాంబూలం ఉమ్మి, కోడళ్ళమీద ఏదో జోకు వేసి, తనే ముందు నవ్వాడు. ఏమీ కాలేదు. ఒక్క కాయ, తుడిచిన కాయ. ఏమీ కాలేదు.

బుట్ట నింపారు. డోలు మోగింది. బుట్ట కదిలింది.

ఆ సాయంత్రం సుందరి అన్నం వడ్డించి, పక్కన ఎండుచేపల పచ్చడి వేసి, గోడకు ఆనుకుని నిలబడింది.

"మీరు నోరు మూసుకుని తినేస్తే పోయేది బావా" అంది. గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళూ అది అనుమానం. తాగాడో లేదో అనుకునేవారు. ఇప్పుడు గురికార తిని చూపించాడు. ఇక మా ఆయన తాగే పోయాడని రుజువైపోయింది. మీరే రుజువు చేయించారు."

శేసప్ప అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముద్ద ఎత్తలేదు.

"తాగలేదు" అన్నాడు.

సుందరి ఏదో అనబోయి ఆగింది. కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత శేసప్పతో ఊరు మాటలు తగ్గించింది. వెలి వెయ్యలేదు, పెద్ద గొడవా చెయ్యలేదు. అతను గట్టుమీదికొస్తే అక్కడి మాట ఆగేది, అంతే. అతని చేనుకు అతను మందు మానేశాడు. పుచ్చిన కాయలు ఏరి కాల్చేవాడు, సాళ్ళ మధ్య బూడిద చల్లేవాడు. సగం చేను పోయింది. సుందరి చేను పోతే మాత్రం ఆమెకు ఇంకేమీ లేదు.

మళ్ళీ మందు కొట్టాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే సుందరి డబ్బా ఎత్తుకోబోతుంటే శేసప్ప వచ్చి పట్టీ పట్టుకున్నాడు.

"నేను కొడతా."

"మీరే వద్దంటారుగా?"

"పురుగు వినదన్నావుగా."

మూత రబ్బరు తీసి, సైకిల్ ట్యూబు ముక్క కోసి బిగించాడు. వానకోటు తొడిగి గుండీలన్నీ పెట్టుకున్నాడు. తువ్వాలును మూతికి చుట్టుకున్నాడు. అప్పటికే ఎండ మండుతోంది. పక్క గట్టుమీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ఏం శేసణ్ణా, వాన దిగుతోందా?"

"పెళ్ళికొడుకు ముస్తాబు మారాజా! ముసుగు కూడా వేసుకున్నాడు!"

అతను సాలు వెంట సాలు, గాలికి ఎదురు పోకుండా, ఆకు కింద తడిసేలా కొట్టాడు. పని ఎప్పటిలాగే తాడు పట్టినట్టు సాగింది. ట్యూబు ముక్క ఎప్పుడు జారిందో అతనికి తెలియలేదు. వానకోటు మెడ లోపలనుంచి మందు కారి వీపును తడుపుతుంటే, ఈ ఎండకు చెమటే అనుకున్నాడు. కోటు ఆ తడిని బయటికి పోనివ్వలేదు. చేను అయ్యేదాకా ఒంటికి పట్టుకుని ఉంచింది.

డబ్బా దించి చేతులు చాపాడు. సుందరి చెంబుతో నీళ్ళు పోస్తోంది. చేతులు వణుకుతున్నాయి. ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని ఆపబోయాడు, రెండూ వణికాయి. నోట్లో నీళ్ళూరుతుంటే పక్కకు ఉమ్మాడు. మళ్ళీ ఊరింది.

"ఎండ" అన్నాడు.

సుందరి పొయ్యడం ఆపింది. అతని కళ్ళలోకి చూసింది. పాపలు ఆవగింజలంత ఉన్నాయి. చెంబు జారి గట్టున పడింది.

నిరుడు ఆ పొద్దు, జారప్ప డబ్బా ఎత్తుకునే ముందు, ఆమె అతనితో పోట్లాడింది. చిన్న సంగతి. భూతాల కోల జాతరకు పోయి రెండు పూటలు పని ఎగ్గొట్టాడని. 'నువ్వున్నా ఒకటే, లేకున్నా ఒకటే' అంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరు ఆయన తాగాడన్నప్పుడల్లా ఆమెకు ఆ మాటే వినపడేది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళకంటే ముందు ఆమే నమ్మింది.

ఇప్పుడు ఈ మనిషి ఎవరితోనూ పోట్లాడలేదు. పొద్దుట్నుంచీ ఆమె కళ్ళముందే ఉన్నాడు. ఏమీ తాగలేదు. అదే చొంగ, అవే కళ్ళు, చర్మం కింద అదే కదలిక.

ఆమె కోటు చింపి లాగేసింది. బిందె తర్వాత బిందె అతని వీపున కుమ్మరించింది, సబ్బు పట్టి రుద్దింది. రోడ్డుకు పరుగెత్తి ఆటోను ఆపింది. దారి పొడుగునా అతని తల ఒళ్ళో పెట్టుకుని, "ఉమ్మండి బావా, మింగకండి" అంటూనే ఉంది.

ఆస్పత్రిలో అదే డాక్టరు. మొదటి మాటా అదే. "తాగాడా?"

"లేదు" అంది సుందరి. వరండాలో వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా అంది. "ఈయన తాగలేదు. ఆయన కూడా తాగలేదు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. సూది సిద్ధం చెయ్యమని నర్సుకు చెప్పాడు.

శేసప్ప బతికాడు. చాలారోజులకు ఇంటికి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ మందు రుచి మరిగారని ఊరు అనుకుంది. ఒకడికి సరిపోయింది, ఇంకొకడికి చాల్లేదు అని గట్టుమీద నవ్వుకున్నారు. ఈసారి సుందరి కుళాయికి పోయింది. ఎవరేమన్నా బిందె నిండేదాకా అక్కడే నిలబడింది. ఆమె చెప్పింది ఎవరూ నమ్మలేదు. తొలిబుట్ట ఇప్పుడు ఆ ఇంటి ముందునుంచే పోతుంది, వంతు మాత్రం ఆ ఇంటికి రాదు.

చేతుల వణుకు మాత్రం పోలేదు. కాయ కింద అరచెయ్యి పెడితే కొమ్మంతా ఊగుతుంది. ముళ్ళు గుచ్చుకుంటాయి. అందుకని అతను బుట్ట పట్టుకుని సాలులో నిలబడతాడు, సుందరి తెంపుతుంది. రెండు చేళ్ళకూ మందు లేదు. సగానికి సగం పుచ్చులే. చూపించడానికి చేతులు లేవు కనుక, జీవితమంతా చెప్పడం రాని పనిని అతను ఇప్పుడు మాటల్లో చెప్పాలి.

"లాగకు" అంటాడు. "వేలు ఇంకాస్త లోపలికి. అక్కడ. ఇప్పుడు తిప్పు."

కొమ్మ చీలుతుంది.

"ఇంకోటి చూడు" అంటాడు.